‘ఒకుదుమ్’ పక్కన ‘చదివాను’

“బెన్ ద్యున్ అర్కదషిమిన్ ఎవిందె కితాప్ ఒకుదుమ్.” టర్కిష్‌లో ఇది చాలా మామూలు వాక్యం. దాని కిందే మన వాక్యం రాసి చూడండి: “నేను నిన్న నా స్నేహితుడి ఇంట్లో పుస్తకం చదివాను.” బెన్ అంటే నేను, ద్యున్ అంటే నిన్న, చివర క్రియ. మాటలు ఒకదాని కింద ఒకటి వరసగా కుదురుతాయి. ‘నా’ అనడానికి మాత్రం అక్కడ విడి మాట లేదు. స్నేహితుడనే అర్థమున్న ‘అర్కదష్’ వెనక అది ‘ఇమ్’గా అతుక్కుంది. ‘ఒకుదుమ్’లో ‘ఒకు’ ధాతువు, ‘దు’ భూతకాలం, ‘మ్’ ఉత్తమపురుష. ‘చదివాను’లో చివరి ‘ను’ చేసేదీ ఆ పనే. అందుకే రెండు భాషల్లోనూ కర్తను వదిలేసినా వాక్యం చెడదు.

ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన టర్కిష్ వాచకాలు క్రియ చివరికి రావడాన్నీ, విభక్తులు నామం వెనక చేరడాన్నీ ఓపిగ్గా వివరిస్తాయి. మనం ఆ పుటలు గబగబా తిప్పేయవచ్చు. ఆగి చూడవలసిన చోట్లు మనకు వేరే ఉన్నాయి.

‘స్నేహితుడి ఇంట్లో’ దగ్గర మొదట ఆగాలి. తెలుగులో ఎవరి ఇల్లన్న సంగతి ‘స్నేహితుడి’ అనే మాటే చెబుతుంది. ‘ఇల్లు’ కూడా ‘ఇంటి’గా మారుతుంది గానీ, అది ‘లో’ చేరుతున్నందుకు. మన వ్యాకర్తలు దీన్నే ఔపవిభక్తికం అన్నారు. టర్కిష్ ‘ఎవ్’ అలా రూపు మార్చుకోదు. ‘ఎవ్-ఇ-న్-దె’ని విడదీస్తే: ఇల్లు, అతనిది, నడుమ ఒక నకారం, లో. అంటే యజమాని మీదా గుర్తే, ఇంటి మీదా గుర్తే. తెలుగు చెవికి ఇది పునరుక్తిలా తోస్తుంది, కానీ నాకు ఆ పద్ధతి నచ్చింది. సంబంధం ఇంటి మీదే ముద్రపడి ఉంటుంది కాబట్టి ‘ఎవిమ్‌దె’ అన్న ఒక్క మాటకే ‘మా ఇంట్లో’ అన్న అర్థం వచ్చేస్తుంది.

ద్వితీయా విభక్తి కథ ఇంకా బాగుంటుంది. ‘కితాప్ ఒకుదుమ్’ అంటే ఏదో పుస్తకం చదువుకున్నానని. ‘కితాబి ఒకుదుమ్’ అంటే ఫలానా పుస్తకాన్ని చదివానని. మన ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ నడుమ కూడా ఇంచుమించు ఇదే తేడా. ఇంతవరకూ కలిసి నడిచిన భాషలు మనిషి కనబడగానే విడిపోతాయి. ‘బిర్ అదమ్ గ్యొర్ద్యుమ్’ అంటే ఒక మనిషిని చూశానని. ఎవరో తెలియదు కాబట్టి అక్కడ విభక్తి ప్రత్యయం లేదు. మనం ‘ఒక మనిషి చూశాను’ అనలేం. కర్మ ఫలానాదేనా అన్నది టర్కిష్‌కి ముఖ్యం. తెలుగు అంతకన్నా ముందు దానికి ప్రాణముందా అని చూస్తుంది.

అచ్చుల పొత్తు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో అనడానికి ‘ఎవ్‌దె’, బడిలో అనడానికి ‘ఒకుల్‌దా’. పదంలోని అచ్చును బట్టి ప్రత్యయం మారుతుంది. మనకూ హరికి, గురువుకు ఉన్నాయి. అయితే ‘పులి’కి ‘లు’ చేరితే ‘పులులు’ అవుతుంది, అంటే ప్రత్యయం కోసం పదమే మారింది. టర్కిష్‌లో సర్దుకునేది ప్రత్యయమే. 1928లో లాటిన్ లిపికి మారాక, ఎనిమిది అచ్చులకూ వేరు వేరు అక్షరాలు ఏర్పడి, ఈ సర్దుబాటు రాతలో కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

ఇలాంటి పోలికలు చూసే, భాషాశాస్త్రవేత్త కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషలు తాను ‘సిథియన్’ అని పిలిచిన గుంపుకి దగ్గరివన్నాడు. ఆ గుంపులో టర్కిష్, ఫిన్నిష్ కూడా ఉన్నాయి. ఆ చుట్టరికాన్ని నేటి భాషాశాస్త్రం ఒప్పుకోదు. రక్తసంబంధం లేని రెండు భాషలు ఒకే తీరున వాక్యం కట్టుకున్నాయంటేనే నాకు ఎక్కువ అబ్బురం.

ఇక క్రియ. ‘ఒకుదు’కి తెలుగులో చదివాడు, చదివింది అని రెండు రూపాలు కావాలి. టర్కిష్ ఆడా మగా తేడా చూపదు. దానికి బదులు, సంగతి ఎలా తెలిసిందో చెప్పమంటుంది. కళ్లారా చూసినా, ఖాయంగా తెలిసినా ‘ఒకుదు’. ఎవరో చెబితే ‘ఒకుముష్’, అంటే చదివాడట. ఈ ‘అట’ మన చేతిలో ఉంది గనక ‘ముష్’ తేలిగ్గా పట్టుబడిందనిపిస్తుంది. అయితే బల్లమీద పుస్తకం తెరిచి ఉండటం చూసి, చదివినట్టున్నాడని ఊహించినా ‘ఒకుముష్’ అనే అంటారు. అక్కడ ‘చదివాడట’ పనికిరాదు. కునుకు తీసి లేచినవాడు తన గురించి తానే ‘ఉయుముషుమ్’ అంటాడు. తనకు తెలియకుండానే నిద్రపోయానని ఇప్పుడే గ్రహించాడన్నమాట. దాన్ని ‘నిద్రపోయానట’ అని తెలిగిస్తే ఎవరో చెప్పగా విన్నట్టవుతుంది. ‘నాకు తెలియకుండానే నిద్ర పట్టేసినట్టుంది’ అంటేనే ఆ ఒక్క క్రియలోని అర్థమంతా వస్తుంది.