తెర వెనుక చదువు: సామూహిక కళల శిక్షణ, జీవన నైపుణ్యాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ‘జీవన నైపుణ్యాలు’ అనే భావనను వివరించగలుగుతారు.
• తోలుబొమ్మలాట, చెక్కభజన వంటి కళలు ఏ మార్గంలో వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుతాయో విశ్లేషించగలుగుతారు.
• కళా శిక్షణ గురించి చెప్పే గొప్పలను ఆధారాలతో పరీక్షించగలుగుతారు.
• మీ ప్రాంతంలో ఒక చిన్న శిక్షణ కార్యక్రమానికి రూపకల్పన చేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

కళలు నేర్చుకుంటే పిల్లలకు జీవన నైపుణ్యాలు అలవడతాయని, వ్యక్తిత్వం వికసిస్తుందని మీరు చాలాసార్లు విని ఉంటారు. బడి వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ఈ మాట తప్పక అంటారు. శిక్షణ శిబిరాల కరపత్రాల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఈ మాటను కాదనేవారు దాదాపు ఉండరు. అందరూ ఒప్పుకునే మాట దగ్గరే విమర్శకుడు కాసేపు ఆగాలి. ఏ కళ? ఏ నైపుణ్యం? ఎవరికి? ఏ పద్ధతిలో నేర్పినప్పుడు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితేనే ఆ మాటకు విలువ.

ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. మీలో కొందరు శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ, బుక్కపట్నం, ముదిగుబ్బ వంటి మండలాల్లో ఉంటూ బడుల్లోనో, అంగన్‌వాడీల్లోనో, స్వచ్ఛంద సంస్థల్లోనో పని చేస్తూ ఉండవచ్చు. రేపు ఒక కళా శిక్షణ బాధ్యత మీ మీద పడవచ్చు. అప్పుడు పిల్లల సమయం, ఊరి కళాకారుడి గౌరవం రెండూ మీ చేతిలో ఉంటాయి. కాబట్టి ఈ చర్చకు ఉదాహరణలను దూరం నుంచి తెచ్చుకోకుండా మీ చుట్టుపక్కల ఉన్న కళల నుంచే తీసుకుందాం.

ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. కళ నైపుణ్యాలను నేర్పుతుంది. అయితే నేర్చుకునేవాడు లేకపోతే ఆట ఆగిపోయేంత అవసరమైనవాడుగా బృందంలో ఉన్నప్పుడే, ఆ ఆట తన ఊరి జనం ముందు జరిగినప్పుడే బాగా నేర్పుతుంది. ఈ రెండూ తీసేస్తే మిగిలేది కాలక్షేపం.

2. ‘జీవన నైపుణ్యాలు’ అంటే

1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠశాలల కోసం 10 జీవన నైపుణ్యాలను పేర్కొంది. అవి: నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, భావాన్ని స్పష్టంగా తెలియజేయడం, ఇతరులతో సత్సంబంధాలు, తన్ను తాను తెలుసుకోవడం, సహానుభూతి, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం.

ఈ జాబితా ఉపయోగకరమైనదే. అయితే దీనిలో ఒక చిక్కు ఉంది. ఈ పదింటినీ పది పాఠాలుగా చేసి, పాఠానికొక ఆట ఆడిస్తే నైపుణ్యాలు వచ్చేస్తాయనే భ్రమ కలుగుతుంది. ఈత గురించి ఎంత చెప్పినా ఈత రాదు, బావిలో దిగాలి. సహానుభూతి గురించి చెప్పడం వేరు, మరొకరి గొంతుతో ఒక రాత్రంతా మాట్లాడటం వేరు. ఈ తేడాను తోలుబొమ్మలాటలో స్పష్టంగా చూడవచ్చు.

3. నిమ్మలకుంట: చేయి నేర్చుకునే పాఠం

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు పొందిన గ్రామం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

బొమ్మ తయారీని గమనించండి. మేక తోలును శుభ్రం చేసి, వెలుతురు అవతలికి కనిపించేంత పలుచగా చేసి, ఆరబెడతారు. దాని మీద బొమ్మ గీస్తారు. నగలు, అంచులు, వస్త్రాల మీది పూలు అన్నీ ఉలితో కొట్టిన చిన్న చిన్న రంధ్రాలే. తర్వాత రెండు వైపులా రంగులు వేస్తారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చేసి, కదిలేలా దారంతో కుట్టి కలుపుతారు. పెద్ద బొమ్మలు మనిషి ఎత్తు వరకు ఉంటాయి.

ఇందులో నేర్చుకునేవాడికి రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది: ఒకసారి కొట్టిన రంధ్రాన్ని పూడ్చలేం. కాగితం మీద గీత చెరిపినట్టు చెరపడం కుదరదు. కాబట్టి ఉలి పెట్టకముందే బొమ్మ మొత్తం కంటి ముందు ఉండాలి. ముందుచూపు అంటే ఇదే. రెండవది: బొమ్మ అందం చేతిలో ఉన్నప్పుడు తెలియదు. దీపం ముందు, తెర మీద పడినప్పుడే తెలుస్తుంది. అంటే చేసేవాడు ఎప్పుడూ చూసేవాడి వైపు నుంచి ఆలోచించాలి. ‘నిర్ణయం తీసుకోవడం’, ‘ఇతరుల దృష్టితో చూడటం’ అని జాబితాలో రాసినవి ఇక్కడ పని స్వభావంలోనే ఉన్నాయి. వాటికి విడిగా పేరు పెట్టి ఎవరూ నేర్పలేదు.

4. తెర వెనుక బృందం

ఇప్పుడు ఆటను చూద్దాం. తెల్లటి తెర వెనుక దీపం. బొమ్మను ఆడించేవాడే చాలావరకు దాని మాట కూడా చెప్తాడు, పాడతాడు. యుద్ధం వచ్చినప్పుడు కాలి కింది చెక్కను తొక్కి చప్పుడు చేస్తాడు. స్త్రీ పాత్రలకు ఇంటి ఆడవాళ్ళు గొంతు ఇస్తారు. హార్మోనియం, మృదంగం, తాళాలు పక్కనే. పిల్లలు బొమ్మలు అందిస్తూ, తాళం వేస్తూ పెరుగుతారు. ఏ ఘట్టానికి ఏ బొమ్మ కావాలో తెలియకపోతే కథ ఆగుతుంది. అందువల్ల చిన్నవాడి పని కూడా చిన్న పని కాదు.

రామాయణ భారత కథల మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వస్తారు. వీరి మాటలు అప్పటికప్పుడు పుట్టేవి. ఆ ఊరి సంగతి, ఆ ఏటి కరువు, పెద్దమనిషి పిసినారితనం – అన్నీ ఈ హాస్యంలో దూరుతాయి. ఎంతవరకు అనవచ్చు, ఎక్కడ ఆగాలి, ఎవరు నవ్వుతారు, ఎవరు నొచ్చుకుంటారు అనేది క్షణంలో తేల్చుకోవాలి. ‘విమర్శనాత్మక ఆలోచన’, ‘భావ వ్యక్తీకరణ’ అనే మాటలకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఏ తరగతి గదిలోనూ ఉండదు.

రాయలసీమ పల్లెల్లోని చెక్కభజన దీనికి మరో రూపం. గురువు పాట అందుకుంటాడు, బృందం తిరిగి పాడుతుంది. చేతిలో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు. అడుగు మారితే అందరిదీ ఒకేసారి మారాలి. ఒక్కడు తప్పినా వరస చెదురుతుంది. చూసేవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. తప్పినవాణ్ణి పక్కవాడు కంటితోనే సరిదిద్దుకుంటాడు. ఇక్కడ క్రమశిక్షణ ఎవరో పైనుంచి విధించింది కాదు, తాళం అడిగింది.

ఇదే సూత్రం కుటుంబాల స్థాయిలో ఎంత దూరం పోగలదో సురభి నాటక సమాజం చూపింది. బొమ్మలాట వారసత్వం ఉన్న కుటుంబాలవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’ నాటకంతో ఈ ప్రయాణం మొదలుపెట్టారు. నటన, రంగాలంకరణ, సంగీతం, వంట, బండ్లు కట్టడం – అన్నీ ఆ కుటుంబాల చేతుల మీదే సాగాయి. పిల్లలు రంగస్థలం మీదే పెరిగారు.

5. బొమ్మ దీపపు గొడుగైనప్పుడు

రాత్రంతా ఆట చూసే జనం తగ్గారు. నిమ్మలకుంట కళాకారులు బతుకుతెరువు కోసం అదే తోలుతో దీపపు గొడుగులు, గోడకు తగిలించే చిత్రాలు, ఇతర అలంకరణ వస్తువులు చేస్తున్నారు. దీన్ని కళ పతనంగా చూసేవారు ఉన్నారు. పూట గడవని కళాకారుడికి అలా నీతులు చెప్పే హక్కు మనకు లేదు. అమ్మకం వల్లే ఆ చేతి పనితనం నేటికీ నిలిచింది.

అయితే శిక్షణ దృష్టితో ఒక నష్టాన్ని గుర్తించాలి. దీపపు గొడుగు ముందుచూపునూ ఓపికనూ నేర్పుతుంది. కానీ అది మాట్లాడదు. దానికి కేతిగాడు లేడు, ఎదుట జనం లేరు, పక్కన తాళం వేసే చెల్లెలు లేదు. అంటే మూడో విభాగంలో చెప్పిన పాఠం మిగిలింది, నాలుగో విభాగంలో చెప్పిన పాఠం జారిపోయింది. ‘తోలుబొమ్మల శిక్షణ’ అనే ఒకే పేరు కింద ఈ రెండింటిలో ఏది జరుగుతోందో చూడకుండా ‘నైపుణ్యాలు పెరిగాయి’ అనడం తొందరపాటు.

6. సముదాయం ఎవరిది?

‘సామూహిక కళ’ అన్నప్పుడు ఆ సమూహంలో ఎవరున్నారో కూడా అడగాలి. బొమ్మలాట ఒక వర్గం కుటుంబాల్లో తరతరాలుగా సాగిన విద్య. బయటివారికి అది సులభంగా అందలేదు. లోపలివారికి మరొకటి ఎంచుకునే వీలు తక్కువ. ఊరూరా తిరిగే కుటుంబంలోని పిల్లవాడికి ఆట వచ్చేది, బడి దూరమయ్యేది. చెక్కభజన బృందాల్లో చాలాకాలం మగవారిదే పెద్ద పాత్ర. ఊరి కులాల గీతలు భజన గుడి మెట్ల దగ్గర చెరిగిపోలేదు.

వ్యక్తిత్వ వికాసం అంటే ఉన్నదాన్ని బాగా చేయడం మాత్రమే కాదు, ఏది చేయాలో ఎంచుకోగలగడం కూడా. ఆ కొలతతో చూస్తే మన సంప్రదాయ శిక్షణ ఎంత గొప్పదో అంత ఇరుకైనది. బడి ఈ కళను చేతిలోకి తీసుకోవడానికి ఇదే బలమైన కారణం: ఏ ఇంటి బిడ్డ అయినా, ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా తెర వెనుకకు వెళ్ళగలిగేలా బడి చేయగలదు.

7. పరిశోధన ఏం చెబుతోంది?

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ‘ప్రాజెక్ట్ జీరో’ పరిశోధకులు చిత్రకళా తరగతులను దగ్గరగా పరిశీలించి 2007లో ఒక పుస్తకం ప్రచురించారు. పని మీద పట్టు, పట్టుదల, ఊహించడం, గమనించడం, తన పనిని తానే సమీక్షించుకోవడం వంటి 8 ఆలోచనా అలవాట్లను అక్కడ గుర్తించారు. 2013లో ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ వెలువరించిన నివేదిక అప్పటి పరిశోధనలన్నింటినీ సమీక్షించింది. తరగతిలో నాటకం వేయించడం భాషా సామర్థ్యాన్ని పెంచుతుందనడానికి దానిలో గట్టి ఆధారం కనిపించింది. కానీ కళలు సృజనాత్మకతను, సామాజిక నైపుణ్యాలను తప్పక పెంచుతాయనడానికి అంత గట్టి ఆధారాలు లేవని, కళా విద్యకు కళలే మొదటి సమర్థన కావాలని ఆ నివేదిక తేల్చింది.

ఈ మాట మనకు నిరాశ కలిగించనక్కర్లేదు. కళను మరేదో లాభానికి నిచ్చెనగా వాడితే కళా దక్కదు, లాభమూ దక్కదు. ఆటను ఆటగా శ్రద్ధతో నేర్పితే మిగిలినవి వెంట రావడానికి వీలుంటుంది.

8. మీరు చేయదగినది

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజుల ‘సంచీ లేని బడి’ని సూచించింది. ఆ రోజుల్లో స్థానిక వృత్తిదారుల, కళాకారుల దగ్గర పిల్లలు పని నేర్చుకోవచ్చు. పది రోజుల్లో ఎవరూ కళాకారులు కారు. అయినా ఆ పది రోజులను రెండు విధాలుగా వాడవచ్చు.

మొదటి విధం: ఒక కళాకారుణ్ణి పిలిచి, ఒక పూట ప్రదర్శన ఇప్పించి, ఫొటోలు తీసి, శాలువా కప్పి పంపడం. రెండో విధం: మొదటి రోజు ఆట చూపించడం, రెండో రోజు పిల్లలే తమ ఊరి కథ ఒకటి ఎంచుకోవడం – చెరువు ఎండిన కథ కావచ్చు, వేరుశనగ పంట ఎండిన కథ కావచ్చు, బెంగళూరుకు కూలికి వెళ్ళిన అన్న కథ కావచ్చు, తర్వాత దళసరి అట్టతో బొమ్మలు చేసి, మాటలు అల్లి, తాళం కుదుర్చుకుని, పదో రోజు సాయంత్రం ఊరి ముందు ఆడటం. నల్లమాడలోని ఏ బడికైనా దీనికి కావలసినవి పాత పంచె ఒకటి, దీపం ఒకటి, ఓపిక ఉన్న ఉపాధ్యాయుడు ఒకరు, కళాకారుడికి పది రోజుల న్యాయమైన వేతనం. చివరిది లేకుండా మొదటి మూడూ సమకూర్చడం అన్యాయం.

కార్యక్రమం అయ్యాక ఈ ప్రశ్నలు వేసుకోండి: ప్రతి బిడ్డకూ తప్పనిసరి పని ఉందా? తప్పును తామే సరిదిద్దుకునే సమయం దొరికిందా? ఎదుట కూర్చున్నది తమ ఊరి జనమేనా? సాధారణంగా వెనుక బెంచీలో ఉండే బిడ్డ ఎక్కడ నిలబడింది?

9. సారాంశం

జీవన నైపుణ్యాలు విడిగా నేర్పే పాఠాలు కావు; అవసరమైన పని, దానిని పంచుకునే బృందం, ముఖాముఖి జనం ఉన్నచోట పుడతాయి. నిమ్మలకుంట తోలుబొమ్మలు, రాయలసీమ చెక్కభజన, సురభి నాటకాలు దీనికి నిదర్శనాలు. ఈ కళల్లో కుల, లింగ పరిమితులు ఉన్నాయి. బడి వాటిని దాటగలదు. ఒక శిక్షణను అంచనా వేసేటప్పుడు దాని పేరును వదిలి, అందులో పిల్లలు నిజంగా ఏ పని చేశారో చూడాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. తోలుబొమ్మ తయారీ, తోలుబొమ్మలాట – ఈ రెండూ నేర్పే నైపుణ్యాల్లో తేడా ఏమిటి?
2. ‘క్రమశిక్షణ తాళం అడిగింది’ అనే వాక్యాన్ని మీకు తెలిసిన మరొక కళకు అన్వయించి రాయండి.
3. మీ ఊరిలోని ఒక కళారూపాన్ని ఎంచుకుని, దానిలోకి ఎవరికి ప్రవేశం ఉంది, ఎవరికి లేదు అనే విషయాన్ని పెద్దలను అడిగి తెలుసుకుని ఒక పుటలో రాయండి.