గుర్రుమంటే కొట్టొద్దు

జహీరాబాద్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే కాకా, పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం మనవణ్ని ఎత్తుకుని పరుగున వచ్చాడు. పిల్లవాడి ముంజేతి మీద రెండు పంటిగాట్లు. కరిచింది వీధికుక్క కాదు, నాలుగేళ్లుగా వాళ్లింట్లో పెరుగుతున్న రాజా. పిల్లవాడి చెయ్యి నల్లా కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే దవాఖానకు తీసుకెళ్లాం. సూదులు మొదలుపెట్టారు, కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు.

తిరిగొస్తుంటే దారిలో కాకా అన్న మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

"గుర్రుమని గూడ అనలే బిడ్డా, సీదా కరిచింది. ఇదివరకు గిన్నె దగ్గరికి పోతే గుర్రుమంటుండె. అన్నప్పుడల్లా కట్టెతోని ఒక్కటేసిన. మానింది. బుద్ధొచ్చిందనుకున్న."

రాజా మానింది గుర్రుమనడం ఒక్కటే. తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే దాని గుండెలో పుట్టే భయం అట్లాగే ఉంది. పైగా ఆ భయానికి ఇప్పుడు కట్టె కూడా తోడైంది. మన ఇళ్లలో చాలా కుక్కల కథ ఇదే కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

మొరిగే కుక్క కరవదంటారు. ఆ సామెతను నమ్మి మొరిగే కుక్క ముందుకు చెయ్యి చాపమని నేను చెప్పను. కానీ నోటితో చెప్పే మాట చెల్లుతున్నంత కాలం కుక్కకు పంటితో చెప్పాల్సిన అవసరం రాదు. గుర్రుమనడానికి ముందే అది ఎన్నో రకాలుగా చెబుతుంది. తల పక్కకు తిప్పుకుంటుంది. నాలుకతో మూతి నాకుకుంటుంది. నిద్ర రాకున్నా ఆవలిస్తుంది. తింటూ తింటూ ఉన్నట్టుండి ఒళ్లు బిగబట్టి ఆగిపోతుంది, కంటి చివర తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఇవేవీ మన కంటికి ఆననప్పుడు గుర్రుమంటుంది. "దగ్గరికి రాకు" అని అది చెప్పే ఆఖరి మాట అదే. ఆ మాట అన్నందుకు కొడితే ఇక మిగిలేది పన్ను.

"కట్టె చూపెట్టకుంటే నెత్తికెక్కుతది" అనే నమ్మకం మన ఊళ్లోనే కాదు, లోకమంతా ఉంది. దానికి శాస్త్రం పేరుతో ఒక ముద్ర కూడా పడింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనుల్లో పెట్టిన తోడేళ్లను చూసి, పెత్తనం కోసం అవి ఎప్పుడూ కొట్లాడుకుంటాయని రాశాడు. డేవిడ్ మెచ్ 1970లో రాసిన తోడేళ్ల పుస్తకంతో ఆ మాట మరింత పాకి, కుక్కలకూ అంటుకుంది. తర్వాత అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గరగా చూసిన మెచ్ తానే, గుంపంటే మామూలుగా అమ్మానాన్నలూ వాళ్ల పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో సరిదిద్దాడు. ఆ దిద్దుబాటు ఇంకా మన వాకిళ్ల దాకా రాలేదు.

కుక్క నేర్చుకునే తీరు మనం అనుకున్నంత చిక్కైనదేమీ కాదు. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్, తిండికి ముందు వచ్చే గుర్తు తెలియగానే కుక్క నోట్లో నీరూరుతుందని చూపించాడు. అంటే దేని వెంట ఏది వస్తుందో కుక్క లెక్కపెట్టుకుంటుంది. మనిషి అడుగుల వెంట దెబ్బ వస్తే అడుగులంటేనే భయం. అడుగుల వెంట మంచి ముక్క వస్తే అడుగుల కోసమే ఎదురుచూపు. రెండోది, ఏ పని చేస్తే లాభం వచ్చిందో ఆ పనే మళ్లీ చేస్తుంది. ఆ లాభం పని జరిగిన క్షణంలోనే అందాలి. ఆలస్యమైతే దేనికి ఇచ్చామో దానికి అర్థం కాదు.

రాజాతో మేం చేసింది ఇంతే. ముందు పశువుల దవాఖానకు తీసుకెళ్లాం, ఎందుకంటే నొప్పి ఉన్న కుక్కకు పాఠం ఎక్కదు. చెవి లోపల పుండు బయటపడింది, మందు రాశారు. తిండి గిన్నెను నడవలోంచి తీసి, ఎవరూ తిరగని వెనక వాకిలికి మార్చాం. అది తింటున్నంతసేపూ పిల్లలు ఇంట్లోనే ఉండాలని గట్టిగా చెప్పాం.

ఆ తర్వాత పని కాకాది. రాజా జొన్నరొట్టె తింటుంటే పది అడుగుల దూరంలో ఆగి, ఉడికించిన కోడి కార్జం ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి, వెనక్కి తిరిగి పోవాలి. మాట్లాడొద్దు, నిలబడి చూడొద్దు. మొదటి రెండు రోజులూ రాజా ముక్క తిన్నది కానీ మెడ బిగబట్టే ఉంది. నాలుగో రోజు కాకా అడుగుల చప్పుడుకే తలెత్తి తోక కదిలించింది. అప్పుడు తొమ్మిది అడుగులు. ఒళ్లు వదులుగా ఉంటే ఒక అడుగు ముందుకు, బిగుసుకుంటే రెండు అడుగులు వెనక్కి. చూద్దామని గిన్నె లాగి పరీక్షించడం మాత్రం ఎప్పుడూ లేదు. ఇదివరకు మనిషి వస్తే ఉన్నది పోయేది, ఇప్పుడు మనిషి వస్తే లేనిది వస్తోంది. రాజా మనసులో మారింది ఈ లెక్కే.

తిండి దగ్గరే కాదు, చప్పుళ్ల దగ్గరా ఇదే లెక్క. మా ఇంట్లో జొన్న అనే ఆడకుక్క ఉంది, రొట్టె రంగులో ఉంటుందని ఆ పేరు. చలికాలం చెరుకు ట్రాక్టర్లు పాటలు మోగించుకుంటూ పోతుంటే గొలుసు తెంపుకునేలా మొరిగేది. ఊరుకో అని నేను అరిచేకొద్దీ దాని అరుపు పెరిగేది. నా అరుపు దానికి వంతపాటలా వినిపించిందని తర్వాత అర్థమైంది. రోజూ సాయంత్రం దాన్ని రోడ్డుకు దూరంగా చేనుగట్టు మీద కూర్చోబెట్టాను. ట్రాక్టర్ కనిపించి చెవులు నిక్కినా, ముక్క తినగలిగేంత దూరం. ట్రాక్టర్ కనిపించాకే ముక్క. అది పోయిందంటే ముక్కలూ బంద్. మూడు వారాలకు ట్రాక్టర్ చప్పుడు వినగానే జొన్న రోడ్డు వైపు కాక నా చేతి వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ పండగే.

మీద పడి దూకే కుక్కకూ ఇదే దారి. దూకితే ముఖం తిప్పుకుని నిలబడండి, నాలుగు కాళ్లూ నేల మీద ఆనగానే పలకరించండి. చెప్పులు కొరికే కుక్కపిల్లకు "వద్దు" అంటే ఏం తెలుస్తుంది? కొరకడానికి దానిదంటూ ఒకటి ఇవ్వాలి. పొద్దంతా గొలుసుకు కట్టేసిన కుక్క మొరిగితే అది తప్పెట్లా అవుతుంది? చిన్నప్పటి అలవాటు ఎంత బలమైందో తెలియాలంటే మందల వెంట తిరిగే కుక్కను చూడండి. కళ్లు తెరిచినప్పటి నుంచి గొర్రెల మధ్యే పెరగడం వల్ల గొర్రెను తన మనిషిలా చూసుకుంటుంది. మూడో వారం నుంచి మూడు నెలల దాకా కుక్కపిల్ల ఏం చూస్తే అదే దాని లోకం. పిల్లలనూ ముసలివాళ్లనూ బండి చప్పుళ్లనూ అప్పుడే మెల్లగా పరిచయం చేయాలి.

వీధికుక్కలకు కూడా మన చెయ్యి విలువ తెలుసు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తిండి పెట్టిన కొత్తవాళ్ల కన్నా తల నిమిరిన కొత్తవాళ్లనే వీధికుక్కలు ఎక్కువ నమ్మాయి. తెలియని కుక్కను ముట్టుకోమని దీని అర్థం కాదు. మన చెయ్యి వాటికి ఎంత పెద్ద విషయమో తెలుసుకోవాలని. ఆ చేతిలో కట్టె పెడితే పోయేది ఆ నమ్మకమే.

కరిచిన రోజు కాకా కొడుకు, రాజాను హైవే పక్కన వదిలేసి వద్దామన్నాడు. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. చట్టం సంగతి అటుంచినా, మనం చేసిన తప్పుకు శిక్ష కుక్కకు వేసినట్టవుతుంది. కాకా ఒప్పుకోలేదు.

మొన్న కాకా ఇంటికి నారాయణఖేడ్ నుంచి బామ్మర్ది వచ్చాడు. చెయ్యి కడుక్కోవడానికి వెనక వాకిట్లోకి పోయి, తింటున్న రాజా పక్కకు వంగాడట. రాజా ఒళ్లు బిగబట్టి, నిదానంగా గుర్రుమంది. చూరు కిందున్న పాత కట్టె కాకా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాకా దాని వైపు చూడలేదు. బామ్మర్ది భుజం పట్టి వెనక్కి లాగాడు.

"ఆగు బామ్మర్దీ. అది అద్దంటున్నది."

సాయంత్రం మా గడపలో కూర్చుని ఈ ముచ్చట చెబుతూ కాకా చివరికి అన్నాడు: "మల్ల గుర్రుమన్నది బిడ్డా."