కృతిపతియు చలనచిత్రోత్సవమును: రాటర్‌డామ్ నగరోత్సవ వికాస పరిశీలనము

ప్రబంధమును పఠింపబూనిన విద్యార్థి ముందుగా అవతారికను విప్పి కృతిపతి యెవరని విచారించుట మన తెలుగు శాఖలలో చిరకాలముగా నున్న అలవాటు. రాజా, మంత్రియా, వర్తకుడా, దైవమా అను ప్రశ్నకు లభించు సమాధానమును బట్టి కావ్యములోని కొన్ని విషయములు తేటపడును. కొన్ని ఎంత విచారించినను తేటపడవు. ఈ ప్రశ్ననే చలనచిత్రోత్సవములకును వేయవలెనని మా యభిప్రాయము. నేడు పెద్ద నగరములు పెక్కింటికి తమతమ ఉత్సవములు కలవు. వానిలో అనేకములు తమ్ము తాము 'స్వతంత్ర' ఉత్సవములని చెప్పుకొనుచున్నవి. దేనినుండి స్వతంత్రము? ప్రభుత్వమునుండియా, పెట్టుబడినుండియా, లోకాభిరుచినుండియా? విశేషణ మొక్కటియే, అర్థములు మూడు. ఈ మూడును ఒకచోట గూడియుండుట అరుదు. అర్ధశతాబ్దికి పైబడిన చరిత్ర గల రాటర్‌డామ్ ఉత్సవమును గైకొని, అది పెరిగినకొలది ఈ మూడింటిలో ఏది నిలిచినది, ఏది సడలినది అని చూచుట ఈ వ్యాసోద్దేశము.

రాటర్‌డామ్ నెదర్లాండ్స్ దేశమునందలి రేవుపట్టణము. 1940 మే 14వ తేదీన జర్మను విమానములు కురిపించిన బాంబులకు దాని నడిబొడ్డు భస్మమయ్యెను. యుద్ధానంతరము తిరిగి కట్టిన పట్టణము వెడల్పు వీధులకు, గిడ్డంగులకు, శ్రామికులకు నెలవయ్యెను గాని కళలకు పేరొందలేదు. ఆ పేరు ఆమ్‌స్టర్‌డామునకు దక్కెను. ఈ కొరతను దీర్చుటకు నగరపు కళాసంస్థ పూనుకొనెను. దాని సంచాలకుడైన ఆద్రియాన్ వాన్ దెర్ స్తాయ్, మార్టిన్ మోయ్ అను నతనితో గలసి 1970లో అంతర్జాతీయ కవితోత్సవమును నెలకొల్పెను. రెండేండ్లకు దాని తోబుట్టువుగా 'ఫిల్మ్ ఇంటర్నేషనల్' అను పేర చలనచిత్రోత్సవము పుట్టెను. సాహిత్య విద్యార్థులు గమనింపదగిన విషయ మిది: వెనిస్, కాన్ ఉత్సవములు విహారస్థలముల హోటళ్ల చుట్టును పెరిగినవి, రాటర్‌డామున సినిమా కవిత్వము వెంట నడచి వచ్చినది.

ఉత్సవ నిర్వహణమునకు పిలువబడిన హూబ్ బాల్స్ (1937–1988) ఉట్రెక్ట్ నగరమున సినిమా ప్రదర్శనశాలలలో పనిచేసి, అక్కడనే 1966 నుండి చిత్రోత్సవములు జరిపిన అనుభవము గలవాడు. 1972 జూన్ నెలలో జరిగిన రాటర్‌డామ్ ప్రథమోత్సవపు ప్రారంభ ప్రదర్శనమునకు వచ్చినవారు 17 మంది. ఈ సంఖ్యను తరువాతివారు పెద్దల వంశావళివలె గర్వముగా వల్లించుచుందురు గాని, నగర ధనమును వెచ్చించిన యధికారుల కానాడు అది గర్వకారణముగా తోచియుండదు. ఐనను ధనము ఆగలేదు. ఉత్సవ స్వాతంత్ర్యమునకు మూలము మాకు ఇచటనే కనబడుచున్నది. నగరము ధన మిచ్చెను. ఎన్నిక మాత్రము బాల్స్ చేతులలో నుండెను. ఇచ్చువాడు వేరు, ఎన్నువాడు వేరు. ఈ రెండింటి నడుమ నున్న ఖాళీస్థలమునే ఆ కాలపు రాటర్‌డాములో స్వాతంత్ర్య మనవలెను.

బాల్స్ ఆ ఖాళీస్థలమును చక్కగా వాడుకొనెను. పోటీ లేదు, బహుమతులు లేవు, తారల ఊరేగింపులు లేవు. తూర్పు ఆసియానుండియు, అభివృద్ధి చెందుచున్న దేశములనుండియు చిత్రములు తెప్పింపబడెను. దర్శకులు ప్రేక్షకుల యెదుట నిలిచి ప్రశ్నలకు బదులు చెప్పుట వాడుకయయ్యెను. ఉత్సవపు దినములు గడచిన పిమ్మట చిత్రములు పెట్టెలలో మూలుగక, అదే సంస్థ ద్వారా దేశమునందలి చిన్న ప్రదర్శనశాలలకు పంపబడెను. ఈ చివరిపని మిక్కిలి ముఖ్యమైనదని మా తలంపు. తిరునాళ్లవలె ఏటికొకమారు వెలిగి ఆరిపోవు ఉత్సవము అభిరుచిని పెంపజాలదు. హాలీవుడ్డులోని మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థవారి సింహమునకు పోటీగా ఉత్సవము పులిని చిహ్నముగా జేసికొనెను. ఇందులో కొంత పిల్లతనము లేకపోలేదు గాని, ఎవరికి ఎదురు నిలిచితిమో చెప్పుటకు ఒక్క బొమ్మ చాలునను తెలివియు కలదు. ఇంతయు ఒక్కని అభిరుచిపై నిలిచియుండుట ఆనాటి ఏర్పాటులోని దోషము. రాజు మంచివాడైనంత మాత్రమున రాచరికము మంచిది కాదుగదా.

పెరుగుదల నాలుగు మెట్లలో జరిగెను. 1983లో 'సినీమార్ట్' నెలకొల్పబడెను. అది త్వరలోనే, ఇంకను తీయని చిత్రముల ప్రతిపాదనలతో దర్శకులు పెట్టుబడిదారులను కలసికొను వేదికగా మారెను. 1988 జూలైలో బాల్స్ హఠాత్తుగా మరణించెను; దర్శకుడు తార్కోవ్‌స్కీ పేర ఒక నిధిని నెలకొల్పవలెనని అతడు తలపోసియుండగా, ఆ నిధి 'హ్యూబర్ట్ బాల్స్ నిధి' యని అతని పేరనే వెలసెను. 1995లో మొదటి లేక రెండవ చిత్రమును తీసిన దర్శకులకు 'టైగర్' బహుమతులు ఏర్పడి, పోటీ వలదన్న పాతనియమము పోయెను. 1996లో స్కౌబుర్గ్ మైదానమున బహుళ ప్రదర్శనశాల లేచి, ఉత్సవమునకు నగరమధ్యమున స్థిరస్థానము కుదిరెను. వీనిలో బహుమతులను గురించియే చర్చలు మెండు. మా దృష్టిలో అది చిన్నమార్పు. అసలు మార్పు నిధితో వచ్చెను. అంతవరకు ఉత్సవము తీసిన చిత్రములను చూపునది. ఇక తాను చూపబోవు చిత్రములను తానే పుట్టించునది కూడ నయ్యెను. రసికుడు కృతిపతి యయ్యెను.

ఈ నిధి చెన్ కైగె తీసిన 'లైఫ్ ఆన్ ఎ స్ట్రింగ్' (1991) మొదలుగా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, తూర్పు ఐరోపా దేశముల చిత్రములకు వేయికి పైగా సాయములు చేసినది. సాయపు మొత్తములు పెద్దవి కావు. కథారచన దశలో సుమారు 10,000 యూరోలు. కాని చిన్న మొత్తమైనను అది ముద్రవంటిది. ఆ ముద్ర చూచి తక్కిన పెట్టుబడి వచ్చును. నిధికి ధనము డచ్చి విదేశాంగశాఖనుండి, హివోస్ వంటి అభివృద్ధి సంస్థలనుండి లభించుచు వచ్చెను. ఇచటనే విమర్శకుల యాక్షేపము బయలుదేరినది. ఐరోపావారు పేదదేశములనుండి పేదరికమునే కోరుదురనియు, దానికి తగినట్లు మెల్లనికదలికయు, మౌనమును, దీర్ఘదృశ్యములును గల యొక 'ఉత్సవశైలి' తయారైనదనియు, ఆయా దేశముల ప్రేక్షకులకు ఆ చిత్రములు పరాయివైపోయినవనియు వారు చెప్పుదురు.

ఈ యాక్షేపమును త్రోసివేయరాదు, యథాతథముగ గైకొనరాదు. శ్రీనాథుని హరవిలాసమును తలచికొందము. అది అవచి తిప్పయసెట్టి యను వర్తకునికి అంకితము. దూరద్వీపములనుండి ఓడలలో దిగు సరకుల ప్రశంస దాని అవతారికలో కలదు. వర్తకుని కృతిలో వణిజభక్తుడైన చిరుతొండనంబి కథకు చోటు దొరకుట కేవలము యాదృచ్ఛికమని కొట్టివేయజాలము. కృతిపతి ప్రభావము వస్తువును ఎన్నుకొనుటవరకు వచ్చినది. ఆ కథలోని కరుణరసము మాత్రము తిప్పయసెట్టి ధనముచే పుట్టినది కాదు. కావున పోషకుని ప్రభావము కలదా లేదా యని యడుగుట మొరటు ప్రశ్న. అది కృతిలో ఎంతదూరము వచ్చి ఎచట ఆగినదని యడుగవలెను. నేటి దర్శకుడు నిధికి సమర్పించు కథాసంగ్రహము, ఉద్దేశపత్రము, వ్యయపట్టిక యనువానిని మేము అవతారికగా భావింతుము. తన వీధిని గూర్చి, ఆ వీధి నెరుగనివారికి, వారి కర్థమగు భాషలో, చిత్రము తీయకముందే అతడు వివరింపవలెను. ఒత్తిడి కలుగుచోటు ఇదియే.

అరుణ్ కార్తిక్ తీసిన తమిళచిత్రము 'నసీర్' ఈ పరీక్షకు తగినది. దీనికి బాల్స్ నిధి సాయము కలదు, డచ్చి సంస్థ సహనిర్మాతృత్వము కలదు. 2020లో రాటర్‌డామ్ టైగర్ పోటీలో ప్రదర్శింపబడి, ఆసియా చిత్రముల కిచ్చు నెట్‌పాక్ బహుమతిని పొందెను. దీనికి మూలము దిలీప్‌కుమార్ అను తమిళ రచయిత వ్రాసిన ఒక గుమాస్తా కథ. మాతృభాష గుజరాతీ యైనను తమిళములో వ్రాసిన రచయిత కథను గైకొని, కోయంబత్తూరులో చీరల అంగడిలో పనిచేయు ఒక ముస్లిం గుమాస్తా యొక్క ఒక్క దినమును దర్శకుడు చూపెను. నసీరు తెల్లవారి లేచును. ప్రయాణమై పోవుచున్న భార్యను సాగనంపును. అంగడి తెరచి, బొమ్మలకు చీరలు చుట్టును. తోటివారికి తన కవిత వినిపించును. రాత్రి ఇంటికి మరలుచు అల్లరిమూక చేతిలో మరణించును.

పైపైన చూచిన ఇది ఆక్షేపకులు చెప్పిన ఉత్సవశైలికి లక్ష్యమే. మెల్లనినడక కలదు, చతురస్రమునకు దగ్గరగా నున్న పాతకాలపు తెరకొలత కలదు, అల్పసంఖ్యాకుని మరణమును కలదు. ఉద్దేశపత్రములో ఈ కథ ఎట్లు కనబడియుండునో ఊహించుట కష్టము కాదు. కాని చిత్రములో వినవలసినది వేరొకటి కలదు. దినమంతయు వీధులలో ధ్వనివర్ధకములనుండి ఉపన్యాసములు, ప్రార్థనలు, నినాదములు వచ్చుచునేయుండును. నసీరు వానిని వినియు విననట్లు తన పని చేసికొనుచుండును. మన పట్టణములలో పుట్టి పెరిగినవానికి ఆ రొద క్రొత్త కాదు. క్రొత్త కాదు కనుకనే దానిలోని ద్వేషము చెవికి సోకదు. చివరి దృశ్యము వచ్చునప్పుడు, ప్రొద్దుటినుండి తానును దానిని వినక యుంటినని మన ప్రేక్షకుడు త్రుళ్లిపడును. ఈ తప్పిదము రాటర్‌డామ్ ప్రేక్షకునికి చెందదు. ఉపశీర్షికలు అతనికి మాటలను చెప్పునే గాని అలవాటును చెప్పజాలవు. కృతిపతి ధనముతో తీసినదైనను ఈ చిత్రమునకు ప్రథమశ్రోత కోయంబత్తూరువాడే యని మా నిర్ణయము. భార్యను సాగనంపు ఘట్టమునందు వేగుజామువెలుతురును గూర్చి కొంత మక్కువ యధికమైనదని యనిపించును, అది వేరుసంగతి.

ఇక ధనమును స్వీకరింపని ఉత్సవముల మాట. 2004లో ప్రభుత్వ సంస్థయగు ఫిల్మ్స్ డివిజన్‌వారి ముంబయి ఉత్సవమున, విదేశ చిత్రములకు లేని సెన్సారుపత్ర నిబంధనను భారతీయ చిత్రములకు మాత్రము విధించిరి. దర్శకులు ఎదిరింపగా నిబంధన తొలగెను గాని, పిమ్మట జరిగిన ఎన్నికలో ప్రభుత్వమునకు రుచింపని పెక్కు చిత్రములు జారిపోయెను. గుజరాతు హింసపై రాకేశ్ శర్మ తీసిన 'ఫైనల్ సొల్యూషన్' వానిలో నొకటి. అంతట దర్శకులే చేరి అదే దినములలో భూపేశ్ గుప్తా భవనమున 'వికల్ప్' అను ప్రత్యామ్నాయోత్సవమును జరిపిరి. గోరఖ్‌పూరులో 2006 నుండియు, కలకత్తాలో 2014 నుండియు ప్రకటనకర్తల ధనము వలదని, ప్రేక్షకుల చందాలతో నడచు ప్రజాచిత్రోత్సవములు వెలసెను. పోషకుడే లేనిచోట స్వాతంత్ర్యము సంపూర్ణమని తోచును. మన దేశములో అది నిజము కాదు. సెన్సారుపత్రము లేని చిత్రమును ఉత్సవములో చూపుటకు కేంద్రశాఖ మినహాయింపు కావలెను. ఇచ్చువాని చేయి లేకున్నను ఆపువాని చేయి కలదు. 2017లో కేరళ రాష్ట్ర లఘుచిత్రోత్సవమున మూడు చిత్రములకు ఆ మినహాయింపు నిరాకరింపబడెను. వానిలో నొకటి హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణానంతర ఘట్టములను గూర్చినది. మనబోటి విద్యాలయములవారు తమ ప్రాంగణపు విషయమును వేరొక రాష్ట్రపు తెరమీదనైన చూడలేకపోయిరి. కృతిపతి ప్రశ్నకు తోడు నిషేధాధికారి యెవరని కూడ విచారింపక, ధనము పుచ్చుకొనలేదన్న మాటను బట్టియే ఉత్సవమును స్వతంత్రమని మెచ్చుట తొందరపాటు.

తెలుగులో ఇంకొక తీరు పోషణ కనబడుచున్నది. విశాఖపట్టణపు పేట యొకదానిలో అక్కడివారినే నటులుగా జేసి వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో న్యూయార్కు భారతీయ చిత్రోత్సవమున చోటు సంపాదించెను. దాని నిర్మాత అమెరికాలో స్థిరపడిన తెలుగు వైద్యురాలు. నిధులు లేవు, ఉద్దేశపత్రములు లేవు. ఓడవర్తకుని పోషణకు ఇది దగ్గరి చుట్టమని చెప్పదగును. దీనిపై విడిగా పరిశోధన జరుగవలసియున్నది.

రాటర్‌డామునకు మరలుదము. సనల్‌కుమార్ శశిధరన్ మలయాళ చిత్రమునకు 2017లోను, పి. ఎస్. వినోద్‌రాజ్ తమిళచిత్రము 'కూళాంగల్'నకు 2021లోను టైగర్ బహుమతి లభించెను. మొదటిదానికి మన దేశమున ముంబయి ఉత్సవ ప్రదర్శనకే మినహాయింపు దొరకకపోవుట పైని చెప్పిన మాటకు మరియొక సాక్ష్యము. రెండవదానికి 40,000 యూరోల బహుమతి లభించిన యేడు, మహమ్మారి కారణమున ఫిబ్రవరి ఉత్సవము ఇంటి తెరలమీదనే జరిగెను. మరుసటియేడు 2022 ఉత్సవమును అట్లే జరిగెను. ఆ వెంటనే వ్యయభారమును తగ్గింపవలెనని సంస్థ ఉద్యోగులను తగ్గించి, ఎన్నికసభ్యుల ఏర్పాటును మార్చెను. ఏండ్లతరబడి చిత్రములను ఎన్నుచువచ్చిన పలువురు వెడలిపోయిరి. బహుమతులను, నిధులను గూర్చి వ్రాసిన వ్యాసములతో పోల్చిన ఈ మార్పును గూర్చి వ్రాసినవి స్వల్పము. బాల్స్ నాడు ఎన్నికకు ఒక్కనిపేరు ఉండెను. పిమ్మట పలువురి పేర్లు ఉండెను. ఎన్నువాని పేరు మాసిపోయినప్పుడు ఇచ్చువానికిని ఎన్నువానికిని నడుమ నుండిన ఆ ఖాళీస్థలము ఎంత మిగిలినదో, ఆయా సంవత్సరముల చిత్రసూచికలను వరుసగా నుంచి పోల్చినగాని తేలదు.