గ్రంథాలయం ఖరీదు

కంప్యూటరు మీద ఆడే ఆటలను గూర్చి విమర్శ రాయడం అవసరమా అని కొందరు మిత్రులు అడగవచ్చును. నవల, నాటకం, సినిమా ప్రజల మీద ప్రభావం చూపుతాయి గనుక వాటిని పరిశీలించడం మన బాధ్యత అని మనం చాలాకాలంగా చెబుతూనే వున్నాం. మా కళాశాలలో యేడాదికి ఒక్క చారిత్రక నవల చదివే విద్యార్థులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. చరిత్ర వేషం వేసుకున్న ఆటలను రాత్రుళ్లు కూర్చొని ఆడేవారు మాత్రం ప్రతి తరగతిలోనూ వున్నారు. నాగరికత యెలా పెరిగిందో వారికి నేర్పుతున్న గురువులలో యీ ఆటలు కూడా చేరాయి. అలాంటప్పుడు వాటిని చూడనట్టు నటించడం విమర్శకుడికి పెద్దరికం కాదు, పలాయనం.

నేను పరిశీలించదలచిన ఆట పేరు 'సివిలిజేషన్ - 4'. 2005లో వెలువడింది. దీని ప్రధాన రూపకర్త సోరెన్ జాన్సన్. ఆటగాడు క్రీ.పూ. 4000లో ఒక్క ఊరు స్థాపించి, వంతు వెంట వంతుగా ఆడుతూ క్రీ.శ. 2050 దాకా ఒక రాజ్యాన్ని నడపవచ్చును. యం.ఏ. చదివే రోజుల్లో హాస్టలు గదిలో దీన్ని నేర్చుకున్నాను. యిప్పటికీ అప్పుడప్పుడు ఆడుతూనే వుంటాను. కనుక యిది గట్టు మీద నిలబడి రాయి విసిరేవాడి మాట కాదు.

మొన్న ఒక విద్యార్థి తన ఆట నాకు చూపిస్తూ, "ఈ ఊళ్లో తిండి బాగా వస్తుంది సార్. ముగ్గుర్ని కొట్టేస్తే లైబ్రరీ వచ్చేస్తుంది. పది టర్నుల్లో జనం మళ్లీ పెరిగిపోతారు" అన్నాడు. పుస్తకాలంటే యిష్టమున్న మంచి పిల్లవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో క్రూరత్వమేమీ లేదు. నేనూ "అవును, కొట్టెయ్" అన్నాను. యింటికి వెళ్లే దారిలో ఆ రెండు మాటలు నన్ను నిలదీశాయి. యీ వ్యాసం వాటికి సమాధానం చెప్పుకునే ప్రయత్నం.

ముందు ఆటలోని ఊరు యెలా బతుకుతుందో చూద్దాం. ఊరి చుట్టూ 20 గడుల భూమి వుంటుంది. జనాభాలో ఒక్కో అంకె ఒక్కో గడిలో పనిచేస్తుంది. పొలం తిండినిస్తుంది, గని ఉత్పత్తినిస్తుంది, గుడిసె వేసుకున్న చోట వాణిజ్యం పుడుతుంది. ఆ గుడిసె 70 వంతుల పాటు మనుషులు పనిచేస్తూ వుంటే క్రమంగా పల్లె అయి, గ్రామం అయి, చివరకు పట్నం అవుతుంది. ప్రతి ఒక్కరూ వంతుకు 2 పాళ్ల తిండి తింటారు. పొలంలో వున్నవారు తమ తిండికి మించి పండించినప్పుడే ఒకరిని పొలం నుంచి లేపి శాస్త్రజ్ఞుడిగానో, వర్తకుడిగానో కూర్చోబెట్టగలం. శాస్త్రజ్ఞుడు వంతుకు 3 పాళ్ల విజ్ఞానం యిస్తాడు గాని గింజ పండించడు. రైతు మిగులు మీదనే పండితుడి జ్ఞానం నిలబడి వుందన్న సత్యాన్ని మన పాఠ్యపుస్తకాలు చాలావరకు చెప్పవు. యీ ఆట దాన్ని మొదటి గంటలోనే అనుభవంలోకి తెస్తుంది. రాజుల వీరగాథలనే చరిత్రగా నేర్పే పుస్తకాల కంటే యీ విషయంలో యిది ముందున్నదని ఒప్పుకోవాలి.

ఆట తెలిసినవాడెవడూ అన్ని ఊళ్లనూ ఒకే తీరుగా పెంచడు. చేపలూ మంచి పొలాలూ వున్న ఊరు పండితులకు, కొండలూ గనులూ వున్న ఊరు సైన్యానికి, నదీతీరపు మైదానం గుడిసెలకు, అంటే పన్నుకు. యే ఊరికి యే పని తగునో ముందే నిర్ణయించి, ఆ పనికి తోడ్పడే కట్టడాలనే అక్కడ కట్టాలి. ఒక ఊరికి రెండే జాతీయ కట్టడాలు దక్కుతాయి గనుక, విజ్ఞానాన్ని రెట్టింపు చేసే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాన్ని పండితుల ఊళ్లోనే నిలుపుతారు. యిదంతా తెలివైన పనే. ప్రణాళిక అంటే మనకు విరోధం లేదు. కాని ప్రణాళిక యెవరిది, యెవరి కోసం అన్న ప్రశ్నను మనం యెక్కడా వదలం. యిక్కడ మాత్రం యెందుకు వదలాలి?

కంచును కనిపెట్టగానే ఆటగాడికి బానిసత్వం అందుబాటులోకి వస్తుంది. దాన్ని స్వీకరిస్తే ఊరి జనాభాను బలియిచ్చి కట్టడాన్ని వెంటనే ముగించవచ్చును. మామూలు వేగపు ఆటలో ఒక్క జనాభా అంకెకు 30 పాళ్ల ఉత్పత్తి లభిస్తుంది. గ్రంథాలయం విలువ 90. ఆరుగురున్న ఊళ్లో సగం మందిని, అంటే ముగ్గురిని, ఖర్చుచేస్తే గ్రంథాలయం లేస్తుంది. ఆటగాళ్లు దీన్ని 'విప్' అంటారు, అనగా కొరడా. ముగ్గురే గదా అనుకోవద్దు. ఆట తన జనాభా లెక్కలో 6 అంకెను 1,50,000 మందిగా, 3 అంకెను 21,000 మందిగా చూపుతుంది. ఒక్క మీట నొక్కితే లక్షా యిరవైతొమ్మిది వేల మంది లెక్కలోంచి మాయమై, వారి చోట పుస్తకాల భవనం వెలుస్తుంది. బతికినవారిలో ఒక అసంతృప్తి ముఖం కనిపిస్తుంది. అది 10 వంతుల్లో చెరిగిపోతుంది. ఒక్కరిని కొట్టినా ముగ్గురిని కొట్టినా అసంతృప్తి అంతే గనుక ఒకేసారి యెక్కువ మందిని కొట్టడం లాభమని ఆటగాడు త్వరలోనే నేర్చుకుంటాడు.

దీనికి తోడు ధాన్యపు కొట్టు వుంది. నలుగురున్న ఊరు అయిదుగురు కావడానికి 28 పాళ్ల తిండి కావాలి. కొట్టు వుంటే ప్రతిసారీ సగం తిండి నిలువ వుండి తరువాతి పెరుగుదలకు పనికివస్తుంది. కరువులో ప్రజల ప్రాణం నిలపడానికి మానవుడు కట్టుకున్న కొట్టు యిక్కడ చచ్చినవారి స్థానాన్ని వేగంగా నింపే సాధనమయింది. సాహిత్యం చెప్పుకునే నాబోటివాడికి యింకా బాధ కలిగించేది షేక్‌స్పియర్ నాటకాలాడిన గ్లోబ్ థియేటర్. అది వున్న ఊళ్లో అసంతృప్తి అనేదే వుండదు. కనుక చేయితిరిగిన ఆటగాళ్లు దాన్ని తిండి పుష్కలంగా వున్న ఊళ్లో కట్టి, ఆ ఊరి యువకులను వంతు వంతుకూ నిర్బంధంగా సైన్యంలోకి లాగుతారు. మనిషి గుండెను కదిలించే నాటకశాలకు ఆట యిచ్చిన పని జనం నోరు మూయించడం!

శ్రమ విధానాల వరుసలో అయిదు వున్నాయి: గణ వ్యవస్థ, బానిసత్వం, అర్ధబానిసత్వం, కుల వ్యవస్థ, విమోచన. భారతీయ పాఠకుడు ఆగి చూడవలసింది నాల్గవదాని దగ్గర. గ్రంథాలయం వున్న ఊళ్లో మామూలుగా యిద్దరు శాస్త్రజ్ఞులకే చోటుంటుంది. కుల వ్యవస్థను స్వీకరించగానే ఆ హద్దు తొలగిపోతుంది. తిండి వున్నంత మందిని శాస్త్రజ్ఞులుగా, వర్తకులుగా, కళాకారులుగా కూర్చోబెట్టవచ్చును. నిన్న పొలంలో వున్నవాడు నేడు పండితుడు; అవసరం తీరాక రేపు మళ్లీ పొలానికి. పుట్టుకతో పనిని బిగించి, చదువు తలుపు కోట్ల మంది ముఖాన మూసిన వ్యవస్థ యీ ఆటలో అందరికీ చదువు తలుపు తెరిచే సంస్కరణగా కనిపిస్తున్నది. కులం అంటే కేవలం పనుల పంపకం కాదనీ, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడదీసే కట్టు అనీ అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో స్పష్టం చేశాడు. ఆట రూపకర్తలు పనుల పంపకం వరకే చూశారు, మెట్లను చూడలేదు. పైనుంచి చూసేవాడికి మెట్లు కనిపించకపోవడం సహజం. కింద నిలబడినవాడికే వాటి యెత్తు తెలుస్తుంది.

మన పక్షం మిత్రులు కొందరు ఆటలో కమ్యూనిజానికి మంచి స్థానమే యిచ్చారని సంతోషిస్తారు. దాన్ని కనిపెడితే ప్రభుత్వ ఆస్తి అనే ఆర్థిక విధానం వస్తుంది. రాజధానికి దూరంగా వున్న ఊళ్ల నిర్వహణ ఖర్చు పోతుంది. పెద్ద రాజ్యానికి అది లాభమే. కాని ఆ ఊరి కార్మికుడికి యేమయింది? అతడు నిన్న యెవరి మీటకు కదిలాడో నేడూ అదే మీటకు కదులుతున్నాడు. ఉత్పత్తి సాధనాల మీద అధికారం యెవరిదన్న ప్రశ్నను తీసివేసి సోషలిజాన్ని ఖర్చు తగ్గించే ఉపాయంగా మార్చినప్పుడు మనం సంతోషించవలసిన పనిలేదు.

మరి యీ ప్రజలు తిరగబడరా? 2007లో వచ్చిన 'బియాండ్ ద స్వోర్డ్' అనే అనుబంధంలో బానిసల తిరుగుబాటు వుంది. అయితే దాన్ని యాదృచ్ఛిక సంఘటనల జాబితాలో చేర్చారు. తుఫానూ అదీ ఒకే కోవలోవి. ఆట మొదలుపెట్టేముందు యాదృచ్ఛిక సంఘటనలు వద్దని గుర్తు పెడితే ఆ తిరుగుబాటు యిక రాదు. సిసిలీలో క్రీ.పూ. 135లోనూ, మళ్లీ 104లోనూ బానిసలు లేచింది యాదృచ్ఛికంగానా? క్రీ.పూ. 73లో స్పార్టకస్ లేచింది, 1791లో హైటీ బానిసలు లేచి 1804 నాటికి స్వతంత్ర రాజ్యం స్థాపించింది యాదృచ్ఛికంగానా? కులాలవారీగా వెట్టి పంచిపెట్టిన తెలంగాణా గ్రామాలు 1946 నుంచి 1951 దాకా పోరాడింది యాదృచ్ఛికంగానా? కొరడాకూ తిరుగుబాటుకూ మధ్య కార్యకారణ సంబంధాన్ని తెంచడమే యీ ఆట చేసిన పెద్ద అసత్యం.

న్యాయం కోసం ఒక మాట చెప్పాలి. ఒక దేశం విమోచనను స్వీకరిస్తే, దాన్ని స్వీకరించని దేశాల ఊళ్లలో ప్రజలు తమకూ అది కావాలని అసంతృప్తి ప్రకటిస్తారు. స్వేచ్ఛ అనే భావం సరిహద్దులు దాటి వ్యాపించి పాలకుడి చేయి వంచుతుంది. ఆట మొత్తంలో ప్రజలు చరిత్రను నడిపినట్టు నాకు కనిపించిన చోటు యిదే. అంటే రూపకర్తలకు ఆ సత్యం తెలియక కాదు. దాన్ని ఆట అంతటా నిలబెడితే ఆటగాడు సర్వాధికారిగా వుండలేడు.

"ఆటే గదా! చదరంగంలో బంటు పోతే యేడుస్తామా?" అని అడుగుతారు. చదరంగం మానవజాతి చరిత్ర చెబుతానని అనలేదు. యీ ఆట అంటున్నది, సంవత్సరాలు చూపుతున్నది, అశోకుడినీ గాంధీనీ పేరు పెట్టి నిలబెడుతున్నది. పైగా ఆట అయితే ఒక్క పాలకుడి వైపు నుంచే ఆడాలన్న నియమం యెక్కడిది? మన ఊళ్లలో అరుగుల మీద గీసుకొని ఆడే పులిజూదం చూడండి. 3 పులులు, 15 మేకలు. మేకల పక్షాన కూడా మనిషే కూర్చుంటాడు. మేకలన్నీ ఒకదాని వెనుక ఒకటి నిలిచి పులులను కదలనీయకుండా బంధిస్తే గెలుపు మేకలదే. యే సిద్ధాంతమూ చదవని మన పెద్దలు ఊహించగలిగిన ఆ రెండవ పక్షాన్ని యింత పెద్ద ఆట ఊహించలేదు.

ఆ విద్యార్థిని నేను ఆట మానమని చెప్పలేదు. నేనే మానలేదు. ఆ ముగ్గురిలో ఒకరి పక్షాన నిలబడి, గ్రంథాలయం కట్టిన వంతును గూర్చి ఒక్క పేజీ రాసుకురమ్మన్నాను. రెండు రోజుల తరువాత ఖాళీ కాగితంతో వచ్చి, "వాళ్లకు పేర్లే లేవు సార్. ఏం పని చేసేవాళ్లో కూడా తెలీదు. ఎలా రాయను?" అన్నాడు.

సరైన ప్రశ్న. రాళ్లెత్తినవారి పేర్లు శాసనాల్లోనూ లేవు. మన సాహిత్యం వాటి కోసం చాలాకాలంగా వెదుకుతున్నది. ఆ వెదుకులాటను మన విద్యార్థులు రాత్రుళ్లు గడిపే చోటికి కూడా తీసుకుపోవడం అధ్యాపకులుగా, విమర్శకులుగా మన పని. మరుసటి వారం మేమిద్దరం ఆ ఖాళీ కాగితంతోనే మళ్లీ మొదలుపెట్టాం.