మూడు వలలు, ఒక్క మాట

ఉప్పుటేరు సముద్రమును కలియు దిక్కున, కృత్తివెన్ను తీరమందు, ఒకనాటి యుదయమున మోకాలిలోతు నీటిలో నిలిచిన వృద్ధ జాలరి యొకడు వల మడతలను మోచేతిపై సవరించుకొని, నడుము త్రిప్పి విసరగా, అది గాలిలో గుండ్రముగా విచ్చుకొని, అంచుననున్న సీసపు గుళ్ళు ఒక్కపెట్టున నీటిని తాకిన చప్పుడు వినినంతనే, ఇరువది యేండ్లుగా చదువుచున్న సువార్తలోని యొక వాక్యము నా కన్నులకు కట్టినది.

"ఇది అలివి వలా, పెద్దాయనా?" అని యడిగితిని.

"కాదండీ, విసురువల. అలివి లాగడానికి ఊరంతా రావాలి. దీనికి నేనొక్కణ్ణి చాలండీ."

గ్రీకు మూలమందును ఈ భేదము కలదు. మత్తయి సువార్త నాలుగవ యధ్యాయమున పేతురు, అంద్రెయ వేయుచున్నది ఆంఫీబ్లెస్ట్రోన్, అనగా విసురువల. పిమ్మట వారు విడిచిపోయిన వలలకు వాడినది దిక్త్యోన్ అను సామాన్యనామము. పదమూడవ యధ్యాయమున పరలోకరాజ్యమునకు ఉపమానమైనది సగేనే, ఒడ్డునకు లాగెడి పెద్దవల, మన అలివి. అలివి ఏ చేపనూ ఎంచుకొనదు. దారిలో నున్నదెల్ల ఊడ్చుకొని వచ్చును. లాగినవారు ఇసుకపై కూర్చుండి మంచివానిని గంపలకెత్తి, పనికిరానివానిని పారవేయుట చూచినవానికి ఆ ఉపమానమునకు వ్యాఖ్యానమక్కరలేదు. మనము చదువుకొను తెలుగు బైబిలులో మూడింటికిని వలయే.

ఇందులకు పూర్వులను నిందింపను. జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసునందు 1727 నాటికి కొత్త నిబంధనను, 1732 నాటికి సంపూర్ణ గ్రంథమును తెనిగించినను, అది అచ్చుముఖము చూడక వ్రాతప్రతిగనే హాలే నగరమునకు చేరినది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజి దొరలు క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు సాయమున సాగించిన పనిలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరున అచ్చగునప్పటికి దొరలిద్దరును గతించియుండిరి. బ్రౌను నిఘంటువు వెలువడుటకింకను నలుబది యేండ్లున్నవి. విశాఖ కడలియొడ్డే యైనను, అనువాదము పండితుని చెంత జరిగినదేగాని పడవల చెంతకు పోలేదని నాకు తోచును.

బాప్తిస్మమను గ్రీకు పలుకును ప్రొటెస్టంటులమైన మేము ఉంచుకొంటిమి; కథోలికులు జ్ఞానస్నానమనిరి. ఆ మాటపై జరిగిన తర్కములో వేయవవంతు వలపై జరిగియున్న నెంత బాగుండెడిది!

ఆ రాత్రి నా ప్రతిలో నాలుగవ యధ్యాయము ప్రక్కన విసురువల యని వ్రాసికొంటిని. పదమూడవదాని చెంత పెన్సిలు ఆగినది. అలివి యనిన కృత్తివెన్నులో పసివానికిని తెలియును. గుడివాడ చేలలో పనిచేయువానికి తెలియునా?