చనిపోయినవారిని మాటలాడించు విద్య

కాళ్ళు రెండును ముందుకు చాచి, వెన్ను నిటారుగా నిలిపి, అలికిన నేలమీద కూర్చుండిన ఆ సవర ముదుసలిని మొదటిసారి చూచినపుడు, ఆమె చేయబోవునది పూనకమే యని నేననుకొంటిని. జాతరలలో ఊగుటలు, కేకలు, వేపమండలు, పసుపునీళ్ళు చూచి పెరిగినవాడను గనుక వానికొరకే కాచుకొని యుంటిని. అవేవియు రాలేదు. చంటిబిడ్డను నిదురపుచ్చు తల్లివలె సన్నని గొంతుతో ఆమె పాట నెత్తుకొనెను. తనకు పూర్వము ఆ విద్య నెరిగి గతించిన స్త్రీలను ఒకరి వెంట నొకరిని పిలిచెను. కొంతసేపటికి గొంతు సన్నగిల్లి ఆగిపోయెను, తల రొమ్ముమీదికి వ్రాలెను. ప్రక్కనున్న ఆడువారిద్దరు లేచి, బిగిసిన ఆమె పిడికిళ్ళను వ్రేలు వ్రేలుగా విప్పి, కొయ్యబారిన మోచేతులను మోకాళ్ళను పట్టి కీలు కీలును మెల్లగా వంచి, మరల కాళ్ళు చాపి కూర్చుండబెట్టిరి. ఎండిన బట్టలు మడతపెట్టునంతటి నిమ్మళముగా వారాపని చేసిరి. అంతలో ముదుసలి ఒక్కసారిగా ఊపిరి లోనికి పీల్చెను. మరుక్షణమున ఆమె నోటినుండి మరియొకరి మాట వెలువడెను. ఆ వానకాలమున జ్వరముతో పోయిన పడుచువాడొకడు తల్లిని పిలిచి జీలుగుకల్లు అడిగెను.

తల్లి దొప్పతో కల్లు అందించెను. అందించి, ఏడ్చుచునే వానితో పోట్లాటకు దిగెను. జ్వరము వచ్చినదని ముందుగా ఏల చెప్పలేదని ఆమె. కలుపుతీతకు పోయి చీకటిపడినదాక రాకపోతివేయని వాడు. నీ చెల్లెలికి పెట్టుటకే గదా నేను కూలికి పోయినదని ఆమె. ఇంటివారందరును చుట్టు చేరి నడుమ నడుమ మాట కలుపుచుండిరి. ఒకడు చుట్ట కాల్చుచుండెను. పిల్లవాడొకడు మేనత్త ఒడిలో నిదురపోవుచుండెను. అర్ధగంట గడచునప్పటికి ఆ పోట్లాటలో వాడి తగ్గెను. వాడు వెడలిపోవుచు చెల్లెలి పెండ్లిమాట ఏమైనదని యడిగెను. ఆ తల్లి ముఖము అంతకుముందు నేను చూచిన ముఖము కాదు.

ఈ విద్యను నడుపు స్త్రీని సవరలు కుడాన్‌బోయి యందురు, పురుషుడు కుడాన్. మన శ్రీకాకుళపు పల్లపువారు మన్యపు పూజారుల నందరిని కలిపి ఎజ్జోళ్ళనుట కద్దు. తెలియనివారు మంత్రగత్తె లనుటయు కద్దు గాని, అది మాట కాదు, నింద. లోకమున పండితులు ఇట్టివారికి వాడు 'షమన్' అను శబ్దము సైబీరియాలోని తుంగూసు జాతుల నోటినుండి వచ్చినది. సవరల భాష మనదానితో చుట్టరికము లేని ముండా భాష. జాతి మిక్కిలి ప్రాచీనము. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రుల పేరును శబరుల పేరును ఒక్కచోటనే వినబడును. రామునికి పండ్లు పెట్టిన శబరి వీరి యాడుపడుచేయని పెద్దలందురు. ఆ చరిత్ర నటుంచుదును, నాకు కావలసినది వీరి పనితనము.

కుడాన్‌బోయి పాట పాడునపుడు ఆమె ప్రాణము కోతివలె కొండచరియలు పట్టుకొని పాతాళమునకు దిగిపోవునని సవరల నమ్మకము. ఖాళీయైన దేహమును చనిపోయినవారు, సోనుములు, ఒకరి తరువాత నొకరు వచ్చి వాడుకొందురు. ఒక్క కూర్చున్నపట్టున పదిమందియైనను రావచ్చును. వచ్చిన ప్రతివారికిని వారిదైన నడవడి యుండును: గొణుగు ముసలివాడు గొణుగుచునే వచ్చును, మాటపడని కోడలు మాటపడకనే వచ్చును, పాలు మానని బిడ్డ పాలకొరకు ఏడ్చును. ఆ ప్రతి సోనుమునకును ఊరిలో ఎవరు ఏమగుదురో, ఎవరికి ఎవరిపై ఏ కినుక మిగిలియున్నదో, ఎవరి చావునాడు ఎవరు కంటనీరు పెట్టలేదో ఆమెకు జ్ఞప్తియందుండవలెను. పాటయో, పాదము వెంట దానికి జంటపాదము, మొదటి పాదమున పలికిన భావమునే రెండవదానిలో వేరు మాటలతో పలుకు కట్టు. ఆ కట్టు తప్పక, అప్పటికప్పుడు అల్లుచు పోవలెను. మన అవధాని నలుదిక్కుల పృచ్ఛకులకు నాలుగు విధముల నుత్తరము చెప్పి తుదకు ధారణ చేసినచో మనము శాలువలు కప్పుదుము, గండపెండేరములు తొడుగుదుము. నేను అవధానములు చాల చూచితిని, వానిని ప్రేమించువాడను. ఐనను చెప్పుచున్నాను, అక్షరము నేర్వని ఈ కుడాన్‌బోయి ధారణ యెదుట తల వంచని అవధాని యుండడు. అవధాని పృచ్ఛకులు బ్రతికియున్నవారు, ఆమె పృచ్ఛకులలో సగముమంది లేరు.

రోగమేదో చూచి చెప్పు చిన్న పనులు పురుషులైన కుడానులును చేయుదురు. కర్మకాండ నడుపు పెద్ద విద్య మాత్రము అధికముగా స్త్రీలది. నా పక్షపాతము వారివైపే యని దాచను. ఆ అధికారము వారికి ఊరక రాదు. బాల్యముననే కలలు మొదలగును, గతించిన కుడాన్‌బోయి యొకతె కలలోనికి వచ్చి పాతాళమున నొక పెండ్లికొడుకును చూపును, పిల్ల కాదనును, జబ్బుపడును, అడవిపట్టి తిరుగును, తుదకొప్పుకొని పెండ్లియాడును. ఇచ్చట భూమిమీద ఆమెకు మరియొక మగడుండవచ్చును, పిల్లలుండవచ్చును. క్రింద వేరొక సంసారము. ఆ పాతాళపు మగడు సవర కాడు, రాజవంశపువాడు, పల్లపువాడు. తమను దోచిన పన్నులవారు, ఠాణాలవారు, గుమాస్తాలు ఎవరెవరు కలరో వారందరును ఆ క్రింది లోకమునను కలరు. పైలోకమున కొండదొర గడపయైన త్రొక్క వీలులేని ఆడుది క్రిందిలోకమున దొర యిల్లాలై, తనవారి మాట అచ్చట చెల్లించుకొని వచ్చుచున్నది. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయువాడు అధికారమన్న నేమో యెరుగనివాడు. పల్లెకు దౌరాకు వచ్చు అధికారుల వెంట రోగములు వచ్చునని యెంచి, తలమీద టోపీతో కొయ్యబొమ్మలు చెక్కి సాహిబొసుం అను పేర ఊరి పొలిమేరలయందు నిలిపి కొలిచిన జాతి యిది. వెరియర్ ఎల్విన్ దొర వానిని చూచి వ్రాసినాడు. భయపెట్టువానికి ఒక రూపమిచ్చి, అన్నముపెట్టి, కాపలాకు నిలుపుకొనుటకంటె గొప్ప రాజనీతి యెచ్చట కలదు?

ఇక చనిపోయినవారి సంగతి. ఎట్లు పోయినవాడు అట్టి తావున నుండును. ఉరిపోసుకొన్నవాడు, హత్యకు గురియైనవాడు సూర్యునిలో. చిరుతకు చిక్కినవాడు చిరుతలో. సామాన్యరోగముతో పోయినవాడు పొలముల భూమిలో. అచ్చటి బాధ తీరువరకు వాడు తన రోగమునే తనవారికి అంటించుచుండును. అనగా దుఃఖము రోగమై తిరిగివచ్చునన్నమాట. గువార్ అను క్రతువున వానికొక రాయి నాటుదురు, దున్నపోతును బలియిత్తురు. తరువాత కార్జా, లాజప్ అను క్రతువులు. ఈ నడుమ ఏండ్ల తరబడి, పిలిచినపుడెల్ల, వాడు కుడాన్‌బోయి నోట వచ్చి మాటలాడును. మొదట నిష్ఠురములు, తరువాత లెక్కలు, తరువాత కుశలప్రశ్నలు. కొన్నియేండ్లకు వాడు పితృదేవతయై తన పేరు మనుమనికిచ్చును. అంతియకాదు, ఆ లోకమునను మరల చనిపోయి, తుదకు సీతాకోకచిలుక యగును. అప్పుడిక వానితో మాటలాడుటకు వీలులేదు. అప్పటికి మాటలాడవలసినదియు మిగులదు.

1917లో ఫ్రాయిడ్ పండితుడు దుఃఖమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున, పోయినవారినుండి మనస్సును కొంచెము కొంచెముగా విడిపించుకొనుటయే ఆరోగ్యమార్గమనెను. విడిపించుకొనుట సరియే, ఎవరితో మాటలాడి విడిపించుకొనవలెను? 1975లో సవర కొండలకు తొలిసారి వచ్చి, వారి భాష నేర్చి, యేండ్లకొలది వారితో గడపిన పియర్స్ వితెబ్‌స్కీ యను ఆంగ్లేయుడు ఫ్రాయిడ్ మార్గమును సవరల మార్గమును ప్రక్కప్రక్కన పెట్టి విచారించినాడు; సవర సంభాషణములపై ఆయన గ్రంథము 1993లో వెలువడినది. సవర తల్లికి కొడుకు జ్ఞాపకము మాత్రము కాదు, ఎదురు చెప్పగల మనిషి. క్షమాపణ యొకరే చెప్పుకొనినచో పూర్తికాదు గదా! ఇంతేకాక, ఆ మాటలు పదిమందిలో జరుగును. పొలము ఎవరికి చెందునో, అప్పు ఎవరు తీర్పవలెనో, ఆడుపడుచు తెచ్చుకొన్న బట్టలు ఎవరివో అచ్చటనే తేలును. చనిపోయినవాడే వచ్చి నా బుద్ధి పొరపాటని యొప్పుకొనినచో అన్నదమ్ములు పట్టినపట్టు విడువక యేమి చేయుదురు? అట్లు ఒక మనిషి మారును, ఒక యిల్లు మారును.

ఈ విద్యకు తోడబుట్టినది గోడబొమ్మ, ఇడితాల్. ఎర్రమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో, చితికిన పుల్లకొనతో వేయుదురు, సామగ్రి యింతే. మొదట చతురస్రముగా నొక అంచు గీయుదురు, అది సోనుము ఇల్లు. లోపల ఏనుగులపై, గుఱ్ఱములపై పరివారము, నెమళ్ళు, కోతులు, సూర్యచంద్రులు, దువ్వెన. పోయినవారికి ఏది కావలెనో కలలో తెలిసినదే బొమ్మయగును. కాలము మారగా వారికిని విమానము, సైకిలు కావలసివచ్చెను, అవియు గోడయెక్కెను. నేను చూచిన యొక గోడయందు ఏనుగునెక్కిన వాని గొడుగుపుల్లలు పదునొకండు, ఒక్కటియు మరియొకదానిని తాకలేదు. అఱచేయియంత చోటిలో దీపముబుడ్డి వెలుగున వేసినదది. ఆ చేతికి నమస్కరింపక యెట్లుండగలము!

మన తెలుగువారికి ఈ జాతి ఋణమున్నది, ఋణము తీర్చినవాడును మనవాడొకడున్నాడు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిపంతులుగారు సవరవారిని ఇంటనుంచుకొని వారి భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టి, కొండజ్వరమునకు క్వినైను మ్రింగి మ్రింగి చెవుడు తెచ్చుకొని, 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. కుమారుడు సీతాపతిగారు ఆ బాటనే నడచిరి. ఆంధ్రదేశమున పంతులుగారిని వ్యావహారిక భాషకొరకు తలచువారు లక్షమంది; సవరలకొరకు తలచువారు వేళ్ళపై లెక్కకు వచ్చెదరు. ఎల్విన్ సవర మతముపై పెద్దగ్రంథమును 1955లో ప్రకటించెను. ఆ తరువాత మనవారేమి చేసిరి?

చేసినది చెప్పెద. సవర యువకులు బడికిపోయిరి, అది మేలు. అనేకులు బాప్టిస్టు సంఘములలో చేరిరి; వారి ప్రార్థన వారిది, ఆ నమ్మకమును నేను తప్పుపట్టను. 1936లో మంగెయ్ గొమాంగో 24 అక్షరములతో సొరాంగ్ సొంపెంగ్ లిపిని కల్పించి అక్షరములనే దేవతలుగా కొలుచు మార్గము తెచ్చెను, అదియు జాతి తనంత తాను నిలువజూచిన ప్రయత్నమే. రాజులు పోయి ఓట్లు వచ్చినవి. పాతాళపు రాజుగారి భార్యకు పైనున్న పలుకుబడి తగ్గుట సహజమే. కాని ఈ విద్యను అమ్ముకొనుచున్నవారిని చూచి ఊరకుండుట నావల్ల కాదు. శని, ఆదివారములలో రుసుము పుచ్చుకొని, డప్పు వాయించి, కన్నులు మూయించి, సాయంకాలమునకు మిమ్ములను షమనులను చేసి పంపెదమను శిబిరములు పట్టణములలో వెలసినవి. ఏ ఊరి కినుకలు వీరికి తెలియును? ఎవరి శవము మోసినారు? వచ్చినవాడు తన దుఃఖమును తానే విని, తానే మెచ్చుకొని, ధ్రువపత్రముతో ఇంటికి పోవును. చెల్లెలి పెండ్లిమాట యడుగువాడెవడును వానికెదురు రాడు. సంతలలో చీరలమీద, హోటలు గోడలమీద వెలయు 'సవర బొమ్మ'లు మరింత ఘోరము. రెండు త్రికోణములు కొనలు తాకించి మనిషియనుట మహారాష్ట్రమందలి వార్లీల పద్ధతి. దానిని తెచ్చి సవరకు తగిలించి, అచ్చుకొయ్యతో వరుసగా అద్ది, ఆదివాసీ కళయని చీటి యంటించుచున్నారు. అంచు గీయరు. అంచు లేనిచో ఇల్లు లేదు, ఇల్లు లేనిచో ఉండువాడు లేడు.

ఓ విశ్వవిద్యాలయముల పెద్దలారా, మీ జానపద శాఖలలో బుఱ్ఱకథకు, తోలుబొమ్మకు చోటున్నది, సంతోషము. పార్వతీపురము, సీతంపేట, గుణుపురము కొండలలో ఇంకను కాళ్ళు చాచి కూర్చుండు ముదుసళ్ళు కొలదిమంది కలరు. చదువుకొన్న వారి మనుమలు మనుమరాండ్రే ఆ పాటలను అర్థముతో వ్రాసికొనగలవారు. వారికి జీతమిచ్చి కూర్చుండబెట్టుడు. ఒక్క కుడాన్‌బోయి ఒక్క రాత్రి పాట, ఎవరు వచ్చిరో, ఎవరు బదులు పలికిరో, ఏ మాటకు ఎవరు ఏడ్చిరో తప్పక వ్రాసిన యొక్క పుస్తకము తెలుగున రానిండు.

పోయినయేడు ఒక కొట్టులో కొన్న చట్రముకట్టిన సవర బొమ్మనొకదానిని, ఈమె మెచ్చునేమోయను ఆశతో, నేను మొదట చెప్పిన ముదుసలియొద్దకు తీసికొనిపోయితిని. ఆమె చేతులు తుడుచుకొని దానిని ఒడిలో పెట్టుకొని, వ్రేలితో ఒక్కొక్క మనిషినే ముట్టుచు చాలసేపు చూచెను. "ఇదెవులిల్లు బాబూ?" అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆమె దానిని గోడకు చేరవేసి, ముఖము గోడవైపు త్రిప్పి, అంబలి త్రాగి పొమ్మని లోపలికి లేచిపోయెను.