దాచిన తెర లెక్క

విండోస్, లినక్స్, మాకోస్ మూడింటిపైన ఒకే ప్రోగ్రామును నడుపుటకు తోడ్పడు సాధనము డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్. దీనిని 1992లో ఎడింబరో విశ్వవిద్యాలయమున జూలియన్ స్మార్ట్ ప్రారంభించెను. తెరలెన్ని, ఏది ఎక్కడ నున్నది అన్న వివరములను ఇది ఆపరేటింగ్ సిస్టమును మాటిమాటికి అడుగక, ఒకసారి తెలిసికొని దాచుకొనును. కాలము ఆదా యగును, మెచ్చదగిన పద్ధతియే.

కాని ఉపాధ్యాయుడు పాఠము ముగించి ప్రొజెక్టరు తీగను తీసివేసెననుకొనుడు. పాత లెక్కను నమ్మిన ప్రోగ్రాము ఇప్పుడు లేని తెరపై విండోను తెరచును. అది ఎవరికిని కనబడదు. ఈ ప్రమాదమును సాధన నిర్మాతలు గుర్తించిరి. విండోస్‌లో తెరల అమరిక మారినదన్న సందేశము రాగానే దాచిన లెక్క రద్దగును.

అయినను ఒక లోటు మిగిలియున్నది. ఆ కొలతలను తన ప్రోగ్రాములో వేరుగా వ్రాసి ఉంచుకొను రచయితకు ఈ రక్షణ లేదు. విండో తెరచునపుడెల్ల సాధనమునే మరల అడుగుట మేలు.